స్కోరులో మైదానం వాటా

అందరికీ నమస్కారం.

మన సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటిదే, కాస్త పెద్ద బంతితో ఆడే ఆట) కెప్టెన్లు, స్కోరర్లు, అంపైర్లు, గ్రౌండ్ పనులు చూసేవాళ్లు అందరూ ఒకచోట కలవడం అరుదు. కలిసినప్పుడు కూడా రూల్స్, ఫీజులు, షెడ్యూల్ దగ్గరే సమయం అయిపోతుంది. ఇవాళ నాకు ఇచ్చిన సమయం మొత్తం మైదానానికే కేటాయిస్తాను. ఒకే లీగ్, అవే జట్లు, అదే బంతి, అవే బ్యాట్లు. అయినా ఒక గ్రౌండ్‌లో పాతిక పరుగులు చేసిన జట్టు వారం తిరిగేసరికి ఇంకో గ్రౌండ్‌లో తొమ్మిది దగ్గర ఆగిపోతుంది. ప్రత్యర్థి బలం, ఆ రోజు ఫామ్, ఎవరెవరు వచ్చారు అనేవన్నీ లెక్కలోకి వస్తాయి. అవన్నీ పక్కన పెట్టాక కూడా కొన్ని గ్రౌండ్లలో స్కోరు ఎప్పుడూ ఎక్కువే, కొన్నింట్లో ఎప్పుడూ తక్కువే. ఎందుకు?

ఎవరిని అడిగినా ముందు ఫెన్స్ వైపే, అంటే మైదానం చివరి కంచె వైపే చూపిస్తారు. దగ్గరగా ఉంటే పరుగులెక్కువ, దూరంగా ఉంటే తక్కువ అంటారు. టీవీలో బేస్‌బాల్ చూసి అలవాటైన ఆలోచన ఇది. అక్కడ అది చాలావరకు నిజం కూడా. బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్‌లో ఎడమ వైపు గోడ 310 అడుగుల దూరంలోనే ఉంటుంది, ఎత్తు మాత్రం 37 అడుగులు. ఇంకెక్కడైనా ఫీల్డర్ చేతిలో పడే బంతి అక్కడ గోడకు తగిలి డబుల్ అవుతుంది, అంటే బ్యాటర్ రెండు బేస్‌లు చేరతారు (బేస్‌లంటే పరుగు కోసం వరుసగా చుట్టి రావలసిన నాలుగు మజిలీలు, చివరిది బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్). డెన్వర్‌లో 1995లో మొదలైన కూర్స్ ఫీల్డ్ సముద్ర మట్టానికి దాదాపు 5,200 అడుగుల ఎత్తున ఉంది. గాలి పలుచన కాబట్టి బంతి ఎక్కువ దూరం పోతుంది. 2002 నుంచి అక్కడ బంతులను తేమ సరిచూసే గదిలో ఉంచి మరీ ఆటకు తెస్తున్నారు. ఒక మైదానం పరుగుల్ని ఎంత పెంచుతుందో, ఎంత తగ్గిస్తుందో చెప్పే అంకెను వాళ్లు పార్క్ ఫ్యాక్టర్ అంటారు.

అయితే అక్కడి ఆటకూ మన ఆటకూ మధ్య ఒక పెద్ద తేడా ఉంది. ఆ స్థాయిలో ఫీల్డర్ దగ్గరికి వచ్చిన మామూలు బంతి దాదాపు ఎప్పుడూ ఔటే. కాబట్టి ఫీల్డర్‌కు అందకుండా పోయే బంతి ఎంత దూరం వెళ్లిందన్నదే అక్కడ ముఖ్యం. మన లీగ్‌లలో ఫెన్స్ దాకా వెళ్లే బంతులు కొన్నే. ఎక్కువ భాగం షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) ముందు, సెకండ్ బేస్ పక్కన, ఔట్‌ఫీల్డ్‌లో (బేస్‌ల వెనకుండే గడ్డి భాగంలో) ఫీల్డర్ల మధ్యలో పడేవే. వాటిలో ఎన్ని ఔట్లుగా మారతాయన్నదే మన స్కోరు. అందుకే మన స్థాయిలో మైదానం ప్రభావం బ్యాటర్ కంటే ఫీల్డర్ మీదే ఎక్కువ అని నా నమ్మకం. మైదానాన్ని ఫెన్స్ నుంచి చూడడం మానేసి ఫీల్డర్ కాళ్ల దగ్గర నుంచి చూడమని అడగడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

దీనికి ఒక చిన్న లెక్క చెబుతాను. లెక్కంటే భయపడకండి, స్కోరర్లకు తెలిసిందే.

ఇన్నింగ్స్‌లో బ్యాట్ పట్టిన ప్రతి మనిషి చివరికి మూడింట్లో ఒకటవుతారు. ఔటవుతారు, పరుగు చేస్తారు, లేదా బేస్ మీద మిగిలిపోతారు. ఔట్లు మూడే. బేస్‌ల మీద మిగిలేవాళ్లు ముగ్గురికి మించరు. ఇక మిగిలినవాళ్లందరూ పరుగులే.

పది మంది బ్యాటర్లలో ఐదుగురు ఔటయ్యే మైదానం ఒకటి ఉందనుకుందాం. మూడు ఔట్లు రావాలంటే సగటున ఆరుగురు బ్యాట్ పట్టాలి. ముగ్గురు ఔట్, ఉజ్జాయింపుగా ఇద్దరు బేస్‌ల మీద మిగిలారు. పరుగు ఒకటి. ఏడు ఇన్నింగ్స్‌లకు ఏడు పరుగులు. ఇప్పుడు అవే జట్లను ఇంకో మైదానానికి తీసుకెళ్దాం. అక్కడ నేల బాగోక పదిమందిలో నలుగురే ఔటవుతారు. మూడు ఔట్ల కోసం ఇప్పుడు సగటున ఏడున్నర మంది బ్యాట్ పట్టాలి. ముగ్గురు ఔట్, ఇద్దరు మిగిలారు, రెండున్నర పరుగులు. ఏడు ఇన్నింగ్స్‌లకు పదిహేడున్నర.

పది బంతుల్లో ఒక్కటి. షార్ట్‌స్టాప్ ముందు ఒక్క బంతి వంకర ఎగిరింది, లేదా లైట్ల వెలుగులో ఒక్క క్యాచ్ కనపడలేదు. ఏడు కాస్తా పదిహేడు దాటింది. డబుల్ ప్లేలు (ఒకే బంతికి రెండు ఔట్లు), బేస్‌ల మధ్య ఔట్లు వదిలేసి లెక్కను సులువు చేశాను, అవి కలిపితే అంకెలు కొంచెం మారతాయి. లెక్క నడిచే తీరు మాత్రం మారదు. ఔట్లు కాస్త తగ్గితే పరుగులు చాలా పెరుగుతాయి. మైదానంలో చిన్న లోపం స్కోరులో పెద్దగా కనిపించడానికి కారణం ఇదే.

ఇక ఆ ఒక్క బంతి ఎక్కడ పోతుందో చూద్దాం. ముందు ఇన్‌ఫీల్డ్, అంటే బేస్‌ల మధ్యా చుట్టూ ఉండే నేల. నా సమయంలో ఎక్కువ భాగం దీనికే.

సాఫ్ట్‌బాల్ ఇన్‌ఫీల్డ్ గడ్డి లేని మట్టి నేల. మంచి ఇన్‌ఫీల్డ్ మట్టిలో మూడింట రెండు వంతుల దాకా ఇసుక, మిగతాది ఒండ్రు, బంకమట్టి ఉంటాయి. ఇసుక నీళ్లను దింపుతుంది, బంకమట్టి నేలను పట్టి ఉంచుతుంది. ఈ రెంటినీ కలిపి పనిచేయించేది తేమ. తేమ సరిగ్గా ఉన్న నేల మీద బంతి ఫీల్డర్ ఊహించినట్టే ఎగురుతుంది. ఎండిపోయిన నేల మీద పైన దుమ్ము, కింద గట్టి పెంకు. దుమ్ములో పడ్డ బంతి జారుతుంది, పెంకు మీద పడ్డ బంతి దూకుతుంది. రెండింటికీ ఫీల్డర్ ఒకేసారి సిద్ధంగా ఉండలేరు. అందుకే మ్యాచ్‌కు ముందు నీళ్లు కొట్టడాన్ని నేను పరుగుల్ని నియంత్రించే పనిగానే చూస్తాను.

నీళ్లు ఎక్కువైనా ఇబ్బందే. తడి నేల మీద బంతి నెమ్మదిస్తుంది. 120 అడుగుల దూరాన్ని సెకనుకు 60 అడుగుల సగటు వేగంతో దాటే బంతికి రెండు సెకన్లు పడుతుంది. అదే 50 అడుగుల వేగానికి తగ్గితే 2.4 సెకన్లు. సెకనుకు 20 అడుగులు పరుగెత్తే రన్నర్ ఆ 0.4 సెకనులో ఎనిమిది అడుగులు ముందుకెళ్లిపోతారు. గట్టి నేల మీద బంతి ఫీల్డర్ల మధ్యలోంచి దూసుకుపోయి సింగిల్ అవుతుంది, మెత్తటి నేల మీద ఫీల్డర్‌కు చిక్కీ సింగిల్ అవుతుంది. పరుగులు రెండు చోట్లా పెరుగుతాయి. లాభపడే జట్లు మాత్రం వేరు. మొదటిది గట్టిగా కొట్టేవాళ్లకు కలిసొస్తుంది, రెండోది వేగంగా పరుగెత్తేవాళ్లకు.

బేస్‌ల దూరం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఫాస్ట్‌పిచ్‌లో (బ్యాటర్‌కు బంతిని వేగంగా వేసే రకం) బేస్‌ల మధ్య 60 అడుగులు, స్లోపిచ్‌లో (నెమ్మదిగా, ఎత్తుగా వేసే రకం) లీగ్‌ను బట్టి 65 లేదా 70. ఇప్పుడు చెప్పిన రన్నర్‌కు ఐదు అడుగులంటే పావు సెకను. గ్రౌండ్ బాల్ (నేల మీదుగా వచ్చే బంతి) మీద ఫస్ట్ బేస్ దగ్గర తేలే ఔట్లలో చాలావరకు ఆ పావు సెకనులోనే ఉంటాయి. ఒకే లీగ్‌లో ఒక గ్రౌండ్‌లో 65 అడుగులకు, ఇంకో గ్రౌండ్‌లో 70 అడుగులకు బేస్‌లు పెడితే అవి రెండు వేర్వేరు ఆటలు. బేస్ దిగేసే గుంటలు పాతవీ కొత్తవీ పక్కపక్కనే ఉన్న చోట ఇలా జరుగుతుంది. పైగా పొరపాటు ఎవరి కంటికీ కనిపించదు. ప్రతి గ్రౌండ్‌లో సీజన్‌కు ముందు టేపు పట్టి ఒక్కసారి కొలవండి. పది నిమిషాల పని.

ఇన్‌ఫీల్డ్ మట్టి ఔట్‌ఫీల్డ్ గడ్డిని కలిసే అంచు మీద అందరి దృష్టీ పడాలి. నేల చదును చేసే చాప లాగినప్పుడల్లా కొంత మట్టి వెళ్లి గడ్డి మొదళ్లలో చేరుతుంది. నెలలు గడిచేకొద్దీ అక్కడ ఒక గట్టు లేస్తుంది. దూరం నుంచి చూస్తే తెలియదు, కాలు పెడితే తెలుస్తుంది. ఆ గట్టుకు తగిలిన గ్రౌండ్ బాల్ ముందుకు పోకుండా పైకి లేస్తుంది. వెనక్కి జరిగి నిలబడిన షార్ట్‌స్టాప్‌కు ఛాతీ మీదికి, ముందుకు పరుగెత్తుకొస్తున్న ఔట్‌ఫీల్డర్‌కు భుజం మీదుగా. సింగిల్ కావలసినది ట్రిపుల్ అయ్యే చోటు అదే. చాపను గడ్డి అంచుకు అడుగు ముందే ఆపడం, అంచును చేత్తో రేక్ చేయడం, చేరిన మట్టిని బ్రష్‌తోనో నీటి ధారతోనో తిరిగి ఇన్‌ఫీల్డ్‌లోకి తోయడం, ఇంతే చికిత్స. మన లీగ్‌లలో పరుగుల్ని అన్నిటికంటే చవకగా సరిదిద్దగలిగిన చోటు ఏదంటే నేను ఈ గట్టునే చూపిస్తాను.

ఒక రోజులోనే నేల మారిపోవడం ఇంకో సంగతి. మొదటి మ్యాచ్‌కు ముందు చాప లాగుతారు. రెండో మ్యాచ్, మూడో మ్యాచ్ అదే నేల మీద అలాగే సాగిపోతాయి. అప్పటికి బ్యాటర్ నిలబడే చోట గుంటలు, బేస్‌ల ముందు జారిన గాట్లు, షార్ట్‌స్టాప్ చుట్టూ స్పైక్స్ అచ్చులు. కాబట్టి ఫలానా గ్రౌండ్‌లో పరుగులెక్కువ అన్నప్పుడు నేను ముందు అడిగేది, ఏ టైమ్ మ్యాచ్‌లు అని. ఆ గ్రౌండ్‌కు ఆలస్యపు మ్యాచ్‌లే ఎక్కువ ఇచ్చి ఉంటే మనం మైదానానికి అంటగడుతున్న పరుగులు నిజానికి గడియారానివి కావచ్చు.

వెలుతురు సంగతీ అంతే. బేస్‌బాల్ రూల్‌బుక్‌లో హోమ్ ప్లేట్ నుంచి సెకండ్ బేస్ వైపు గీసిన గీత తూర్పు ఈశాన్యానికి ఉండడం మంచిదని ఉంది. సాయంత్రం ఎండ బ్యాటర్ కళ్లలో పడకుండా ఆ ఏర్పాటు. అలా కట్టిన మైదానంలో ఎండను ఎదుర్కొనేది ఎక్కువగా రైట్ ఫీల్డర్. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ వేసిన గ్రౌండ్లలో ఈ దిక్కు ఎటైనా ఉండొచ్చు. సూర్యుడు సెకండ్ బేస్ వెనక దిగే గ్రౌండ్‌లో మొదటి మ్యాచ్ బ్యాటర్లకు నరకం, పరుగులు పడిపోతాయి. హోమ్ ప్లేట్ వెనక దిగే గ్రౌండ్‌లో ఔట్‌ఫీల్డ్ మొత్తానికి నరకం, పరుగులు పెరుగుతాయి. ఇద్దరు మంచి ఔట్‌ఫీల్డర్లుంటే వాళ్లను ఎండ పడే వైపు నిలబెట్టాలని ఆ గ్రౌండ్‌లో తరచూ ఆడే కెప్టెన్‌కు తెలుసు, కొత్త కెప్టెన్‌కు తెలియదు.

చీకటి పడ్డాక ఫ్లడ్ లైట్లు. వినోద స్థాయి మైదానాల్లో ఇన్‌ఫీల్డ్‌లో కంటే ఔట్‌ఫీల్డ్‌లో వెలుతురు తక్కువగానే అమరుస్తారు. దానికి తోడు ఒకటో రెండో బల్బులు పోతే ఔట్‌ఫీల్డ్‌లో ఒక మూల మసక మచ్చ మిగులుతుంది. లైట్ల ఎత్తు దాటి పైకి లేచిన బంతి ఒక్క క్షణం మాయమై మళ్లీ కిందికి వచ్చేటప్పుడు కనిపిస్తుంది. ఆ క్షణంలో ఫీల్డర్ వేసే తప్పటడుగు వల్ల క్యాచ్ పోతుంది. ఆపైన మంచు. గడ్డి తడుస్తుంది, బంతి తడుస్తుంది, విసిరే చేతిలో జారుతుంది.

ఔట్‌ఫీల్డ్ గడ్డి సంగతి త్వరగా ముగిస్తాను. ఎత్తుగా పెరిగిన గడ్డి బంతిని ఆపుతుంది. ఇద్దరి మధ్య పడ్డ బంతి ఫెన్స్ దాకా దొర్లకుండా ఆగిపోతుంది కాబట్టి ట్రిపుల్ డబుల్ అవుతుంది. పొట్టిగా కోసి ఎండిన గడ్డి మీద ఇది సరిగ్గా తిరగబడుతుంది. కృత్రిమ టర్ఫ్ మీద బంతి వేగంగా పోతుంది, కానీ వంకర ఎగరదు. అందుకే టర్ఫ్ వేశాక పరుగులు పెరుగుతాయా తగ్గుతాయా అంటే, అంతకుముందు అక్కడి నేల ఎలా ఉందో అడగాలి. గతుకుల నేల తీసి టర్ఫ్ వేస్తే తగ్గొచ్చు.

ఫౌల్ గీతల (ఆట హద్దు చూపే రెండు పక్క గీతల) బయటి చోటు కూడా అంతే ముఖ్యం. గీతకూ కంచెకూ మధ్య ఎక్కువ ఖాళీ ఉంటే ఫౌల్‌గా లేచిన బంతుల్ని పట్టే వీలుంటుంది, ఔట్లు పెరుగుతాయి. బ్యాక్‌స్టాప్ (హోమ్ ప్లేట్ వెనకుండే వల కంచె) పైభాగం ముందుకు వంగి ఉన్న గ్రౌండ్లలో క్యాచర్‌కు (బ్యాటర్ వెనకుండే ఫీల్డర్‌కు) రావలసిన ఔట్లు కొన్ని ఆ వల మింగేస్తుంది. ఫాస్ట్‌పిచ్ ఆడేవాళ్లకు బ్యాక్‌స్టాప్ దూరం మరీ ముఖ్యం. హోమ్ ప్లేట్ నుంచి అది కనీసం 25 అడుగులు ఉండాలన్నది మామూలు నియమం. ఎంత వెనక ఉంటే చేజారిన ప్రతి పిచ్‌కీ, అంటే బ్యాటర్‌కు వేసిన బంతికీ, థర్డ్ బేస్ రన్నర్ అంత సులువుగా వచ్చేస్తారు.

ఇప్పుడు ఫెన్స్. ఇంతసేపూ పక్కన పెట్టాను కానీ దాని ప్రభావం లేదనడం లేదు. అందరూ అనుకునే దారిలో కాకుండా ఇంకో దారిలో వస్తుందని చెబుతున్నాను. హోమ్ ప్లేట్ నుంచి ఫెన్స్ అన్ని వైపులా 300 అడుగుల దూరంలో ఉందనుకుందాం. ఆ పావు వృత్తం వైశాల్యం దాదాపు 70,700 చదరపు అడుగులు. 250 అడుగులైతే 49,100. దూరం ఆరో వంతు తగ్గితే చోటు 30 శాతం తగ్గింది. స్లోపిచ్‌లో పది మంది ఫీల్డర్లు, అందులో నలుగురు ఔట్‌ఫీల్డ్‌లో. అంత చిన్న చోట నలుగురు నిలబడితే మధ్యలో ఖాళీలే ఉండవు. తమ వెనక పడే బంతి ఎలాగూ ఫెన్స్ దాటిపోతుంది కాబట్టి వాళ్లు ముందుకు జరుగుతారు. ఇన్‌ఫీల్డ్ మీదుగా పడే సింగిల్స్ అక్కడే దొరికిపోతాయి. అంటే దగ్గరి ఫెన్స్ హోమ్ రన్లు (ఫెన్స్ దాటి నేరుగా పరుగు తెచ్చే హిట్లు) పెంచుతుంది, సింగిల్స్, డబుల్స్ తగ్గిస్తుంది. ఫెన్స్ దాటించగల బ్యాటర్లు ముగ్గురే ఉన్న జట్టుకు ఆ బేరంలో నష్టమే.

దీని మీద హోమ్ రన్ పరిమితి కూడా ఉంది. చాలా స్లోపిచ్ లీగ్‌లలో జట్టుకు ఇన్నే హోమ్ రన్లని ఉంటుంది, ఆ తర్వాత ఫెన్స్ దాటిన బంతికి బ్యాటర్ ఔట్. దగ్గరి ఫెన్స్ ఉన్న గ్రౌండ్‌లో ఆ పరిమితి మూడో ఇన్నింగ్స్‌కే అయిపోతుంది. ఆపైన గట్టిగా కొట్టగలగడమే శిక్షగా మారుతుంది. కొట్టేవాళ్లు బంతిని కిందికి కొట్టడం మొదలుపెడతారు, ఇన్‌ఫీల్డర్లు వెనక్కి జరిగి వాటిని పట్టుకుంటారు.

అసలు ఫెన్సే లేని గ్రౌండ్లు ఇంకో రకం. రెండు గ్రౌండ్ల ఔట్‌ఫీల్డ్‌లు ఒకదానికొకటి వీపు ఆనించి ఉంటాయి. ఔట్‌ఫీల్డర్‌ను దాటిన బంతి దొర్లుతూ పక్క మ్యాచ్‌లోకి వెళ్తుంది. ఆ బంతికి ఎన్ని బేస్‌లన్నది ఆ రోజు అంపైర్ చెప్పే గ్రౌండ్ రూల్ మీద ఆధారపడుతుంది. ఒక వారం రెండు బేస్‌లు, ఇంకో వారం ఎంత పరుగెత్తితే అంత. ఇలాంటి చోట ఒక గీత గీసి, గీత దాటితే రెండు బేస్‌లని సీజన్ మొత్తానికీ రాసిపెట్టుకోవాలి. రాయని గ్రౌండ్ రూల్ వల్ల వచ్చిన పరుగులు ఆటగాళ్లు చేసినవి కావు, తగాదా గెలిచినవాళ్లవి.

గాలి గురించి కొంచెం. సాఫ్ట్‌బాల్ చుట్టుకొలత 12 అంగుళాలు, బేస్‌బాల్ దాదాపు తొమ్మిది. గాలికి ఎదురు నిలిచే వైశాల్యం సాఫ్ట్‌బాల్‌కు దాదాపు 1.8 రెట్లు ఎక్కువ. బరువు మాత్రం సుమారు 1.3 రెట్లే. అంటే బరువుతో పోల్చి చూస్తే గాలి సాఫ్ట్‌బాల్‌ను మరింత ఎక్కువగా ఆపుతుంది, మరింత ఎక్కువగా పక్కకు నెడుతుంది. బేస్‌బాల్ గురించి చదివిన గాలి లెక్కలు మనకు తక్కువ పడతాయి. చుట్టూ చెట్లున్న గ్రౌండ్, నాలుగు వైపులా ఖాళీగా ఉన్న గ్రౌండ్ ఒకే దూరపు ఫెన్స్‌తో ఉన్నా ఒకటి కావు. వేడి కూడా రెండు రకాలుగా పనిచేస్తుంది. ఉష్ణోగ్రత మూడు డిగ్రీల సెల్సియస్ పెరిగితే గాలి సాంద్రత సుమారు ఒక శాతం తగ్గుతుంది. బంతికి అడ్డు తగ్గుతుంది. కానీ అదే వేడికి సాఫ్ట్‌బాల్ మెత్తబడుతుంది, చలికి గట్టిపడుతుంది. ఎండలో కారు డిక్కీలో ఉంచిన బంతి, నీడలో ఉంచిన బంతి బ్యాట్ మీద నుంచి ఒకేలా రావు.

మరి మన గ్రౌండ్లలో ఏది పరుగులు పెంచుతుందో తేల్చడం ఎలా? స్కోర్‌షీట్లన్నీ ముందేసుకుని గ్రౌండ్ వారీగా సగటు తీయడం మొదటి ఆలోచన. అందులో గోతులు చాలా ఉన్నాయి.

మ్యాచ్‌కు ఎన్ని పరుగులని లెక్కించకండి, ఇన్నింగ్స్‌కు ఎన్ని అని లెక్కించండి. టైమ్ లిమిట్ ఉన్న లీగ్‌లో పరుగులెక్కువ పడే గ్రౌండ్‌లో ఇన్నింగ్స్ నెమ్మదిగా సాగుతాయి, ఏడు ఆడాల్సింది ఐదుకే సమయం అయిపోతుంది. మెర్సీ రూల్ (పరుగుల తేడా మరీ పెరిగితే ఆట ముగించే నియమం) కూడా అంతే, ధాటిగా సాగుతున్న మ్యాచ్‌ను మధ్యలో ఆపేస్తుంది. మ్యాచ్ మొత్తం చూస్తే ఆ గ్రౌండ్ మామూలుగానే కనిపిస్తుంది. చివరి ఇన్నింగ్స్‌లో ఆధిక్యంలో ఉన్న హోమ్ జట్టు (ఇన్నింగ్స్‌లో రెండోదిగా బ్యాట్ పట్టే జట్టు) బ్యాటింగ్ చేయదు, ఆ సగం ఇన్నింగ్స్‌ను కూడా తీసేసి లెక్కించాలి. ఫార్‌ఫీట్ (ఒక జట్టు ఆడకుండా వదులుకున్న) మ్యాచ్‌లకు 7-0 అని రాస్తారు, అవి ఎవరూ ఆడని పరుగులు. లెక్కలోంచి తప్పించాలి.

ప్రొఫెషనల్ జట్టుకు సొంత మైదానం ఉంటుంది. సొంత మైదానంలో ఇరు జట్ల పరుగుల్ని బయటి మైదానాల పరుగులతో పోల్చి పార్క్ ఫ్యాక్టర్ తీస్తారు. మనకు సొంత మైదానాలు లేవు, అందరం అన్నిట్లో ఆడతాం. కాబట్టి ప్రతి జట్టునూ దానితోనే పోల్చాలి. ఆ జట్టు ఈ గ్రౌండ్‌లో ఆడినప్పుడు ఇన్నింగ్స్‌కు రెండు వైపులా కలిపి ఎన్ని పరుగులు, మిగతా గ్రౌండ్లలో ఎన్ని. అలా ఒక్కో జట్టుకూ తీసి, ఆ తేడాల సగటు చూడాలి. లేకపోతే బలమైన జట్లు ఎక్కువసార్లు ఆడిన గ్రౌండ్ పరుగుల గ్రౌండ్‌లా కనిపిస్తుంది.

ఆ తర్వాత ఓపిక. మన మ్యాచ్‌లలో మొత్తం పరుగులు ఒక మ్యాచ్‌కూ ఇంకో మ్యాచ్‌కూ సగటు నుంచి పది అటూ ఇటూ ఊగుతాయనుకుందాం. తొమ్మిది మ్యాచ్‌ల సగటు తీస్తే అది మూడు పరుగులకు పైనే తప్పుగా ఉండే అవకాశం ఉంది. పాతిక మ్యాచ్‌లకు రెండు. నెల రోజుల షీట్లు చూసి గ్రౌండ్‌కు పేరు పెట్టేయకూడదు. ఒక గ్రౌండ్‌లో మిగతా వాటికంటే 20 శాతం ఎక్కువ పరుగులు వచ్చాయని లెక్క తేలితే, మ్యాచ్‌లు తక్కువగా ఉన్నంత కాలం పది శాతమనే నమ్మడం మంచిది. రెండు, మూడు సీజన్ల షీట్లు కలిశాక అసలు అంకె దగ్గరికి వెళ్లొచ్చు.

ఇదంతా ఎందుకని అడగొచ్చు. పాయింట్లు సమానమైనప్పుడు రన్ తేడాతో (చేసిన పరుగులకూ ఇచ్చిన పరుగులకూ తేడాతో) స్థానం నిర్ణయించే లీగ్‌లు ఉన్నాయి. పరుగులెక్కువ పడే గ్రౌండ్‌లో ఐదు మ్యాచ్‌లు ఆడిన జట్టుకూ, తక్కువ పడే గ్రౌండ్‌లో ఐదు ఆడిన జట్టుకూ రన్ తేడా ఒకే కొలత కాదు. మొదటి జట్టు 12 తేడాతో గెలిచిన చోట రెండోది అదే బలంతో ఆరు తేడాతో గెలుస్తుంది. అది ఆటగాళ్లకు జరిగే అన్యాయం, పైగా ఎవరూ కావాలని చేసింది కాదు కాబట్టి ఎవరూ సరిదిద్దరు. షెడ్యూల్ వేసేటప్పుడే ప్రతి జట్టుకూ గ్రౌండ్లను, టైమ్‌లను సమానంగా పంచండి. పంచడం కుదరకపోతే ముందు ఆ రెండు జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌ను చూడండి. రన్ తేడా తప్పదంటే మ్యాచ్‌కు ఇంతకు మించి లెక్కలోకి రాదని హద్దు పెట్టండి.

మైదానాల తేడాలన్నీ చెరిపేయాలని నేను అనడం లేదు. ఫెన్స్ దూరం, గాలి, గడ్డి వేగం వేరువేరుగా ఉంటే ఆట రకరకాలుగా ఉంటుంది, తెలివైన కెప్టెన్ దానికి తగ్గట్టు జట్టును మార్చుకుంటారు. అలాంటి తేడా నైపుణ్యానికి పరీక్ష. గతుకుల నేల, మట్టి గట్టు, ఆరిపోయిన లైటు ఆ కోవలోకి రావు. అవి మంచి ఫీల్డర్‌నూ మామూలు ఫీల్డర్‌నూ ఒకే వరుసలో నిలబెడతాయి. పైగా ముఖానికి తగిలే బంతి వచ్చేది కూడా అక్కడి నుంచే. స్లోపిచ్‌లో పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి వేసేవారు) నిలబడేది 50 అడుగుల దూరంలో. ఎదురుగా నేల బాగోలేకపోతే తప్పించుకునే సమయం ఉండదు. డబ్బు కొంచెమే ఉంటే ఫెన్స్ జరపడానికి కాకుండా ఇన్‌ఫీల్డ్‌కు ఖర్చు పెట్టండి.

ప్రశ్నలుంటే అడగండి.

(స్కోర్‌షీట్‌లో కొత్తగా ఏమేం రాయాలని సభలోంచి ఒకరు అడిగారు.)

ఎక్కువ రాయమంటే స్కోరర్లు మానేస్తారు, అందుకే నాలుగే అడుగుతాను. గ్రౌండ్ పేరు, మ్యాచ్ మొదలైన టైమ్, పూర్తిగా ఆడిన ఇన్నింగ్స్‌లు, మ్యాచ్‌కు ముందు నేల చదును చేశారా లేదా. గాలి కూడా రాయగలిగితే మంచిదే, బయటికి వీస్తోందా లోపలికా అని ఒక బాణం గుర్తు చాలు. ఎర్రర్‌ను (ఫీల్డర్ తప్పిదాన్ని) ఎర్రర్‌గా, హిట్‌ను హిట్‌గా విడదీయడానికి గంటలు వాదించకండి. మైదానం లెక్కకు బ్యాటర్ బేస్ చేరాడా లేదా అన్నది చాలు.

(మాకున్న ఒకే గ్రౌండ్ చాలా చిన్నది, ఫెన్స్ జరపడానికి చోటు లేదు, ఏం చేయాలని ఇంకొకరు అడిగారు.)

మైదానం మార్చలేనప్పుడు బంతిని మార్చొచ్చు. ఈ ఆట పుట్టిందే అలా. 1887లో షికాగోలో ఫారగట్ బోట్ క్లబ్ లోపల బాక్సింగ్ గ్లవ్‌ను కట్టి బంతిగా చేసుకుని, కర్రతో కొడుతూ ఆడారు. జార్జ్ హాన్‌కాక్ దానికి రూల్స్ రాశారు. నాలుగు గోడల మధ్య ఆడాలి కాబట్టి పెద్ద, మెత్తని బంతి. షికాగోలో ఇప్పటికీ 16 అంగుళాల బంతితో గ్లవ్స్ లేకుండా ఆడేవాళ్లున్నారు. మీరు అంత దూరం వెళ్లనక్కర్లేదు. స్లోపిచ్ బంతుల మీద రెండు అంకెలు ఉంటాయి. ఒకటి ఎంత ఎగురుతుందో చెబుతుంది, 0.52 అనో 0.44 అనో. రెండోది ఎంత గట్టిదో చెబుతుంది, 300 అనో 375 అనో. రెండూ తక్కువగా ఉన్న బంతిని తీసుకుంటే చిన్న గ్రౌండ్‌లో ఫెన్స్ దాటేవి తగ్గుతాయి, పిచ్చర్‌కు కూడా భద్రం. హోమ్ రన్ పరిమితిని దానితో పాటే సరిచూసుకోండి, పాత పరిమితి కొత్త బంతికి అవసరం లేకపోవచ్చు. ఒకటి మాత్రం మర్చిపోకండి. సీజన్ మధ్యలో బంతి మారిస్తే ఏ మ్యాచ్ నుంచి మారిందో షీట్ మీద రాయండి. లేకపోతే వచ్చే ఏడాది ఆ లెక్కలు చూసేవాళ్లకు నేల వల్ల తగ్గిన పరుగులేవో, బంతి వల్ల తగ్గినవేవో విడదీయడం కుదరదు.